హన్మాండ్లు చేతి చెరకు

బోధన్ నుంచి మంజీర వైపు పోయే దారిలో నాలుగైదు ఊళ్ళకు హన్మాండ్లు చెయ్యి మంచిదని నమ్మకం. చెరకు నాటే రోజు ఎద్దులు, కూలీలు, నీళ్ళు అన్నీ సిద్ధంగా ఉన్నా సరే, మొదటి ముచ్చె ఆయనే పెట్టాలి. ముచ్చె అంటే విత్తనం కోసం మూడు కళ్ళు ఉండేట్టు నరికిన చెరకు ముక్క. ఆయన మోటారుసైకిలు దిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తడి సాలులో ముచ్చెను పడుకోబెట్టి, మడమతో ఒక్క తొక్కు తొక్కి, "కానియ్యుండ్రి" అనేవాడు. అప్పటిదాకా చేనులో ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన చూపే బెట్టుకు వెనక నవ్వుకునేవాళ్ళు ఉన్నారు గానీ, ఆయన రాకుండా నాటినవాళ్ళు లేరు.

ఆయన ఉద్యోగం ఫీల్డ్‌మన్. బోధన్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద ఫ్యాక్టరీలో కాదు, మంజీర ఒడ్డున ఒక సేటు పెట్టిన చిన్న చక్కెర మిల్లులో. ఊరూరా తిరిగి చెరకు వేయమని రైతులను ఒప్పించడం, విత్తనం ఇప్పించడం, పంట చేతికొచ్చాక ఎవరి చేను ఏ రోజు నరకాలో చీటీ రాసివ్వడం ఆయన పని. ముప్పై ఏళ్ళు చేశాడు. సొంత అన్న ఎర్రన్న చేత వరి మాన్పించి నాలుగెకరాల్లో చెరకు వేయించింది కూడా ఆయనే.

2017 జనవరిలో, గానుగ మంచి ఊపు మీద ఉండగా, మిల్లులో రోలర్లను పట్టి నిలబెట్టే పెద్ద ఇనుప చట్రానికి జానెడు పగులు వచ్చింది. మిల్లు ఫిట్టరు ఇస్రార్, హన్మాండ్లుకు చిన్నప్పటి దోస్తు, ఒక పగలంతా కూర్చుని దానికి వెల్డింగు అతుకు వేశాడు. పక్కన దీపం పట్టుకున్నది హన్మాండ్లే. పని అయ్యాక ఇస్రార్ తన అలవాటు ప్రకారం అతుకు పక్కన పంచ్‌తో చిన్న నెలవంక కొట్టి, దాని నోట్లో ఒక చుక్క పెట్టాడు. తన చేతి పని అని చెప్పుకోవడానికి ఆ గుర్తు. ఆ రోజు మాత్రం చేతులు తుడుచుకుంటూ, "గిది అతుకే గాని ఇలాజ్ కాదన్నా. బరువు వడితె మల్ల పలుగుతది," అన్నాడు.

మేనేజరు వినిపించుకోలేదు. "ఒక్క సీజన్ నడిస్తె సాలు. వచ్చే యాడాది కొత్తది వస్తది. భయపడద్దని రైతులకు జెప్పు," అని హన్మాండ్లును ఊళ్ళ మీదికి పంపాడు. హన్మాండ్లు వెళ్ళి చెప్పాడు. మేనేజరు మాటగా కాదు, తన మాటగా చెప్పాడు. ఆయన మాట కాబట్టే అందరూ నమ్మారు. పన్నెండో రోజు చట్రం రెండు ముక్కలైంది. సేటు గేటుకు తాళం వేసి, ఫోను ఆపేసి, ఏ ఊరు పోయాడో పోయాడు.

నరకాల్సిన చెరకంతా నిలబడిపోయింది. దూరపు ఫ్యాక్టరీలు తమ రైతుల పంటే తమకు ఎక్కువైందన్నాయి. చెరకు చేను పూత పడితే చూడ్డానికి చాలా బాగుంటుంది. తెల్లటి కుచ్చులు గాలికి ఊగుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటారు. చెరకు పండించేవాడికి మాత్రం ఆ కుచ్చులు కనిపిస్తే అన్నం దిగదు. పూత పడ్డాక గడ ఎదగదు, తీపి తగ్గిపోతుంది, లోపల బెండు పడుతుంది. నరకాల్సిన వేళ దాటిపోతోంది, నరికేవాడు రాలేదు అని దానర్థం. ఆ ఏడు ఊళ్ళ చుట్టూ ఎటు చూసినా తెల్లగానే ఉంది.

మార్చిలో ఒక మిట్టమధ్యాహ్నం ఎర్రన్న అగ్గిపెట్టె పట్టుకుపోయి తన నాలుగెకరాలకు తనే నిప్పు పెట్టాడు. వచ్చే పంటకైనా నేల ఖాళీ కావాలి కదా. గాలి తిరిగి మంట పశువుల కొట్టం మీదికి దూకింది. కట్టేసిన ఎద్దుల తాళ్ళు కోయడానికి ఎర్రన్న లోపలికి ఉరికాడు. ఒకటి బయటపడింది. రెండోది పడలేదు. ఎర్రన్న కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలి, మానినా తోలు ముడతలు పడి అట్లాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా ఆయన నిండు చేతుల చొక్కా వేసుకుంటాడు. మక్కలు వేస్తాడు, సోయా వేస్తాడు, చెరకు మాట ఎత్తడు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. బూతులు తిట్టి ఉంటే హన్మాండ్లు కాళ్ళ మీద పడి ఏడ్చేవాడు. ఆ అవకాశం కూడా ఎర్రన్న ఇవ్వలేదు.

మిల్లులోని ఇనుమంతా తర్వాత లారీలకెక్కింది. తుక్కు కింద మహారాష్ట్రకు పోయిందని కొందరు, హైదరాబాదు పోయిందని కొందరు అన్నారు. ఆ ఏడే హన్మాండ్లు భార్య గంగవ్వ పోయింది. పిల్లలు లేరు. తనే వండుకుని, గోడకు ఆనుకుని తిని, మధ్యాహ్నం దాకా బోధన్ బస్టాండు దగ్గర ఇస్రార్ పెట్టుకున్న వెల్డింగు దుకాణంలో కూర్చుని చాయ్ తాగి వచ్చేవాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళన్నీ ఎదురుచూసిన మనిషి కోసం ఇప్పుడు ఎవరూ ఎదురుచూడటం లేదు.

2023 మొదట్లో, రైతులకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ అనుభవం ఉన్న చెరకు మనిషి కోసం నిజామాబాద్‌లో వాకబు చేసింది. టాంజానియా దేశంలో కొత్తగా చెరకు వేయబోయే రైతులకు మూడు నెలలు నేర్పించాలి. జీతం ఉండదు, టికెట్టు, తిండి, ఉండడానికి చోటు వాళ్ళదే. హన్మాండ్లు రెండో మాట లేకుండా సరేనన్నాడు. ప్రయాణం ముందురోజు అన్నకు చెప్పడానికి వెళ్ళాడు. ఎర్రన్న వాకిట్లో మక్క కంకులు ఒలుస్తున్నాడు.

"ఏం నేర్పుతవ్ ఆడ?" అని అడిగాడు.

"చెర్కు."

ఎర్రన్న చేతిలోని కంకి పక్కన పెట్టి, లేచి, ఇంట్లోకి పోయి మళ్ళీ బయటికి రాలేదు. హన్మాండ్లు కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని తన ఇంటికి పోయాడు.

టాంజానియాలో మొరొగోరో ఊరికి ఇంకా లోపల, ఒక కొత్త చక్కెర మిల్లు కడుతున్న చోట ఆయనను దించారు. సంస్థ వాళ్ళ గది రేకుల షెడ్డు. అందులో ఒక్క పూట కూడా ఉండే పని పడలేదు. మిల్లులో వ్యవసాయ మేనేజరు మల్లికార్జున్ నిజామాబాద్‌వాడే. మనవాడొకడు వచ్చాడని వినగానే జీపు వేసుకొచ్చి, "మా ఇల్లుండంగ మీరీడ ఉండుడేంది? నడువుండ్రి," అని పెట్టె ఎత్తి వెనక పడేశాడు.

ఆ ఇంట్లో మల్లికార్జున్ భార్య సంజన చేసిన మర్యాదలు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. నిజామాబాద్ నుంచి గింజలు తెచ్చి పెరట్లో పుంటికూర పెంచుతోంది. జొన్నపిండి దొరకదని అక్కడి జొన్నలే కొని పట్టించి రొట్టెలు చేసింది. అంకాపూర్ తీరు నాటుకోడి కూర, పచ్చిపులుసు, మధ్యాహ్నం వేడివేడి సర్వపిండి. ఆరేళ్ళుగా తన చేతి ఉడికీ ఉడకని అన్నం తింటున్న మనిషికి మొదటి ముద్దకే కళ్ళు తడిశాయి.

"ఇంకో రొట్టె పెట్టనా బాపూ?" అంది సంజన.

బాపు, అంటే నాన్న. పుట్టి అరవై రెండేళ్ళకు ఆయనను ఎవరైనా ఆ మాటతో పిలవడం అదే మొదలు. "సాలు, అమ్మా" అనబోయి, పళ్ళెం ముందుకు జరిపాడు.

ఆదివారాలు చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు ఐదారు కుటుంబాలు ఆ ఇంటికి వచ్చేవి. అందరూ చుట్టూ కూర్చుంటే, హన్మాండ్లు మంచి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని మంజీర వరదల కథలు, కందకుర్తి స్నానాల కథలు చెప్పేవాడు. చెప్పిందే చెప్పినా నవ్వేవాళ్ళు. చట్రం పగిలిన కథ మాత్రం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పొద్దున పూట పొలాల మీదికి పోయి ముచ్చె ఎట్లా నరకాలో, సాలు ఎంత లోతు తియ్యాలో నేర్పేవాడు. మల్లికార్జున్ పక్కన నిలబడి స్వాహిలీలోకి మార్చి చెప్పేవాడు. ఆ రైతులు ఆయనను మ్వాలిము అనేవాళ్ళు, అంటే పంతులు. మళ్ళీ నడుం నిటారైంది, మళ్ళీ ఆ బెట్టు వచ్చింది.

ఆ రైతుల్లో మామా ఆషా అనే ఆవిడ (అక్కడ మామా అంటే అమ్మ) అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేది. యాభై దాటిన మనిషి, భర్త లేడు, ఎనిమిదెకరాల మక్కచేను ఒంటిచేత్తో నడుపుతోంది. ఏది చెప్పినా మట్టి గడ్డ ఒకటి తీసి చిదుముతూ వినేది. ఆవిడ వేస్తే మూడూళ్ళు వేస్తాయి, ఆవిడ వద్దంటే ఎవరూ వేయరు అని మల్లికార్జున్ మొదటి వారమే చెప్పాడు. చెప్పినప్పుడు అతని గొంతులో ఏదో తొందర ఉంది. హన్మాండ్లుకు వినిపించింది గానీ, కోడికూర వాసనలో కొట్టుకుపోయింది.

అట్లాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. ఫోను వస్తే మల్లికార్జున్ పెరట్లోకి పోయి మాట్లాడేవాడు. హన్మాండ్లు ముచ్చె నాటి చూపిస్తున్న ఫోటో నిలువెత్తు బ్యానరుగా వేయించి మూడూళ్ళలో కట్టించాడు. మిల్లు చూపించమంటే, "పెయింటు ఆరనియ్యుండ్రి బాపూ," అంటూ వారాలు గడిపాడు. ఆరో వారంలో మలేరియా వచ్చింది. తొమ్మిది రోజులు హన్మాండ్లుకు ఒంటి మీద తెలివి లేదు. మల్లికార్జున్ వానలో గంటన్నర జీపు నడిపి ఆసుపత్రికి తీసుకుపోయాడు. సంజన పక్కన కూర్చుని గంజి చెంచాతో పోసింది, వాంతి ఎత్తింది, తల తుడిచింది. గంగవ్వ ఉన్నా అంతకంటే చేసేది కాదు. ఇదంతా నటన అనుకుంటే పొరపాటు. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు, అదే తర్వాత ఆయన గొంతుకు అడ్డం పడింది.

లేచి తిరుగుతున్న మొదటి రోజు, మల్లికార్జున్ ఊళ్ళో లేని పూట, ఆయన నడుచుకుంటూ మిల్లు షెడ్డులోకి పోయాడు. పచ్చ రంగు వేసిన యంత్రం నిగనిగలాడుతూ నిలబడి ఉంది. చూడగానే ఎందుకో చలి పుట్టింది. మలేరియా చలి కాదని ఆయనకే తెలుస్తోంది. చట్రం పక్కకు పోయి అరచేత్తో తడిమాడు. పెయింటు కింద జానెడు పొడవున ఒక అతుకు, దాన్ని అడ్డంగా దాటుతూ ఇంకో పెద్ద కొత్త అతుకు. పక్కన వేలి కొసకు చిన్న గుంట తగిలింది. గోటితో రంగు గీకాడు. నెలవంక, దాని నోట్లో ఒక చుక్క.

ఆయన అక్కడే ఇనుప మెట్టు మీద కూలబడ్డాడు. సముద్రం దాటి, ఇంకో ఖండానికి వస్తే, తన కంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుందది. రంగు వేసుకుని, ముస్తాబై, తన కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది. అక్కణ్ణుంచే ఇస్రార్‌కు ఫోను చేశాడు.

"నెలవంక ఎటు దిక్కు తిరిగున్నదన్నా?" అన్నాడు ఇస్రార్ అంతా విని.

"ఎడమ దిక్కు."

అవతల దుకాణం ముందు ఆటోల హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి. "యా అల్లా. గదే అన్నా, గది మనదే. అప్పుడు నేను తొందర్ల ఎడమకు కొట్టిన, తతిమ్మయన్నీ కుడికే ఉంటయి. రెండు తునకలైన ఇనుమది. ఎవ్వడు అతికినా బరువాగదు. ఆడి రైతులకు జెప్పు. ఇంకా నాటలేదు గద?"

"లేదు. అయితారం మీటింగున్నది."

"అయితె జెప్పు. ఈసారన్న జెప్పు."

"జెప్త," అన్నాడు హన్మాండ్లు. చెప్పాలనే అనుకున్నాడు. ఆ మాట నిజం.

ఆదివారం పొద్దున, టిఫిను ముందు, వరండాలో మల్లికార్జున్‌ను పక్కకు పిలిచి అడిగాడు. అతను బుకాయించలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"మీకు దెలుస్తదని నాకెరుకే బాపూ. అందుకే సూపియ్యలే. కొన్నది నేను గాదు, మా ఓనర్లు. నేను నోరిప్పితె తెల్లారి మమ్ముల ఇండియాకు తోలుతరు. సంజనకు గీ సంగతి తెల్వది. ఆడికి పోయి ఏం జెయ్యాలె? నాకేం నౌకరున్నది?" మెడ మీది చెమట తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఒక్క సీజన్ నడిస్తె సాలు బాపూ. వచ్చే యాడాది కొత్తది వస్తది."

ఒక్క అక్షరం తేడా లేదు. ఆరేళ్ళ కిందటి మేనేజరు నోట్లోంచి ఊడిపడ్డట్టు అదే మాట. హన్మాండ్లు నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి సంజన కేక వేసింది.

"బాపూ! రొట్టె సల్లారుతున్నది, జెల్ది రా!"

వెళ్ళి తిన్నాడు. ఒకటి కాదు, మూడు తిన్నాడు. ఇక్కడ ఆయన మీద కోపం రాకపోతే మనం మనుషులం కాదు. కానీ ఆ మూడో రొట్టె మింగేటప్పుడు ఆయన గొంతులో ఏం అడ్డంపడిందో కూడా చెప్పాలి. ఒకరి ఇంట్లో తిని, ఆ పూటే నలుగురి ముందు ఆ ఇంటివాడి పరువు తీయడం ఆయన పుట్టిన వాకిట్లో ఎవరూ చేయని పని. తిండి పెట్టిన చేతిని బజారులో నిలబెట్టిన మనిషికి మంజీర గట్టు మీద ఎక్కడా మంచినీళ్ళు పుట్టవు. ఆయన ఆ నియమాన్ని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అది ఎవరి మీద వాడాలో, ఎవరి మీద వాడకూడదో మాత్రం ఎవరూ నేర్పలేదు.

బడి హాలులో మీటింగు. ఎనభై మంది దాకా బెంచీల మీద, కిటికీల్లో, బయట వరండాలో కూర్చున్నారు. మల్లికార్జున్ మిల్లు గురించి మాట్లాడాడు. తర్వాత మామా ఆషా లేచింది. ఆవిడ మల్లికార్జున్ వైపు కాక నేరుగా హన్మాండ్లు వైపు చూస్తూ నెమ్మదిగా ఏదో అడిగింది.

మల్లికార్జున్ తల వంచుకుని తెలుగులో చెప్పాడు. "మీ ఊర్ల మీ మాటిని చెర్కు ఏసినోళ్ళు ఇప్పుడెట్లున్నరు అని అడుగుతున్నది."

అంత సూటి ప్రశ్న ఆయనను జీవితంలో ఎవరూ అడగలేదు. ఎర్రన్న నిండు చేతుల చొక్కా కళ్ళ ముందు కదిలింది. కొట్టంలో బయటపడని ఎద్దు అరుపు చెవుల్లో మోగింది. ముందు బెంచీలో సంజన కూర్చుని ఆయన వైపు గర్వంగా చూస్తోంది, సొంత తండ్రిని చూసుకున్నట్టు.

"మంచిగున్నరు," అన్నాడు హన్మాండ్లు.

తెలుగులో ఒక్క మాట. మల్లికార్జున్ నోట్లో స్వాహిలీలో అది చాలా పొడవైంది. జనం తలలూపారు. మామా ఆషా కాసేపు ఆయన ముఖం చూసి కూర్చుంది. ఆవిడకు అనుమానం వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. వచ్చినా, అంత దూరం నుంచి జీతం లేకుండా నేర్పడానికి వచ్చిన ముసలాయన అబద్ధం ఎందుకు ఆడతాడని సర్దుకుని ఉంటుంది.

మూడో రోజు ఆవిడ చేనులో నాట్లు. మొదటి ముచ్చె మ్వాలిము చేత్తోనే పడాలని ఆవిడే పట్టుబట్టింది. హన్మాండ్లు ప్యాంటు మడిచి దిగాడు. ముచ్చె పెట్టాడు, మడమతో తొక్కాడు. "కానియ్యుండ్రి" అన్న మాట మాత్రం ఎంత ప్రయత్నించినా బయటికి రాలేదు. ఆయన ఊరికే నిలబడితే, ఆవిడే వాళ్ళ భాషలో ఏదో అంది, అందరూ పనిలో దిగారు. ఎనిమిదెకరాలూ చెరకే. గట్టు మీదికి వచ్చాక ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, వద్దంటున్నా వినకుండా ఆయన కాళ్ళ బురద తన చేత్తో కడిగింది. తర్వాత నడుముకు చుట్టుకున్న వస్త్రం ముడి విప్పి ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. తెల్లటి మక్క గింజలు. తన తల్లి నాటి నుంచి ఏటా దాచుకుంటున్న విత్తనమట. ఇక తనకు వీటితో పని లేదని, ఆయన ఊళ్ళో వేసుకోమని మల్లికార్జున్ చేత చెప్పించింది.

ఇంటికి తిరిగి వచ్చాక హన్మాండ్లు బస్టాండు వైపు పోవడం మానేశాడు. సరుకులు కావాల్సి వస్తే చుట్టూ తిరిగి వేరే సందులోంచి పోయేవాడు. ఒకరోజు ఇస్రారే ఎదురుపడి చెయ్యి పట్టుకున్నాడు. "జెప్పినవా అన్నా?"

"జెప్పిన," అన్నాడు హన్మాండ్లు. ఇస్రార్ సంతోషంగా భుజం తట్టి చాయ్ తాగించాడు. ఆ చాయ్ కూడా తాగాడు.

గుడ్డమూట ఎర్రన్నకు ఇచ్చాడు. "ఆడి మక్కలు. ఒకామె ఇచ్చింది." ఎర్రన్న గింజలను అరచేతిలో పోసుకుని చూసి, బావి పక్కన రెండు సాళ్ళు వేశాడు. తెల్లటి కంకులు బాగా వచ్చాయి. విత్తనానికి పది కంకులు కట్ట కట్టి చూరుకు వేలాడదీశాడు. సంజన వారానికోసారి ఫోను చేసి, తిన్నవా బాపూ, మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది, మందు రాసుకున్నవా అని అడిగేది. ఆయన మిల్లు సంగతి ఎత్తేవాడు కాదు. ప్రతిసారీ ఫోను పెట్టేశాక కాసేపు ఊపిరి పీల్చుకునేవాడు. ఈ వారం కూడా ఏమీ కాలేదు అనుకునేవాడు.

ఆ చెరకు నాటి పదహారు నెలలు గడిచాయి. 2024 జులైలో ఒక పొద్దున అన్నదమ్ములిద్దరూ ఎర్రన్న వాకిట్లో కూర్చుని ఉండగా ఫోను మోగింది. సంజన ఒక ఫోటో పంపింది. కింద రాసింది: "బాపూ, నీ చేతి చెరుకు చూడు! మామా ఆషా పొలం. ఎంత మంచిగ పూసిందో!"

చేను చివరి దాకా తెల్లటి కుచ్చులు. గాలికి అన్నీ ఒక పక్కకు వాలి ఉన్నాయి. ఫోటో మూలన దూరంగా మిల్లు చిమ్నీ. అక్కడ గానుగ ఆడే నెలలు జూన్, జులై, ఆగస్టు అని మల్లికార్జున్ ఎన్నిసార్లో చెప్పాడు. చిమ్నీలో పొగ లేదు. హన్మాండ్లు ఫోను పక్కన పెట్టబోయాడు. అది జారి మంచం మీద పడింది.

ఎర్రన్న తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఏడేళ్ళలో మొదటిసారి ఆయన నోట చెరకు మాట వచ్చింది.

"చెర్కు పూత వడ్డది. ఎవ్వలి చేనురా?"

"గా మక్కలిచ్చినామెది."

ఎర్రన్న తలెత్తి చూరుకు వేలాడే కంకుల కట్ట వైపు చూశాడు. "నువ్వేనా ఏపిచ్చింది?"

"నేనే. మీ ఊర్ల చెర్కు ఏసినోళ్ళు ఎట్లున్నరని నలుగుట్ల అడిగిందన్నా. మంచిగున్నరని జెప్పిన."

"నన్ను యాద్ జేసుకునే జెప్పినవా?"

హన్మాండ్లు ఏడుస్తూ తలూపాడు. ఇప్పుడైనా తిడతాడని, చెంప మీద కొడతాడని ఎదురుచూశాడు. ఎర్రన్న కొట్టలేదు. జారిన కుడిచేతి చొక్కాను మణికట్టు దాకా లాక్కుని గుండీ పెట్టుకున్నాడు. ఫోను తమ్ముడి ఒళ్ళో పెట్టాడు.

"గామెకు జెప్పు," అన్నాడు. "అగ్గి పెట్టేముందు చేను సుట్టూత నాలుగు సాళ్ళు దున్నుకొమ్మను. పసులను దూరం తోలుకొమ్మను. నేను దున్నుకోలే."